లుజియా పాటలో తాత దరువు

"ఆ గిన్నె దించు. ఇంక మా స్టవ్ మీద పెట్టకు."

సరోజన గొంతు పెంచలేదు. అందుకే ఆ ఇంట్లో కింది గదిలో అద్దెకుండే ఇషితకు మొదట అర్థం కాలేదు. టీ కోసం పెట్టిన నీళ్లు అప్పుడప్పుడే అంచుల్లో బుడగలు కడుతున్నాయి.

"పాలు అయిపోయాయా ఆంటీ?" అని అడిగింది.

"పాలు కాదు. గిన్నె దించమన్నాను."

ఇషిత స్టవ్ కట్టేసింది. వెనక్కి తిరిగితే సింకు పక్కన నేల మీద అట్టపెట్టె కనిపించింది. అందులో ఆమె కంచం, గ్లాసులు, ఉప్మా చేసుకునే మూకుడు, అమ్మ కట్టి పంపిన కారప్పొడి సీసా ఉన్నాయి. నిన్నటిదాకా అవన్నీ సరోజన గిన్నెలతో కలిసి ఒకే అలమరలో ఉండేవి. ఏది ఎవరిదో ఇద్దరికీ గుర్తుండేది కాదు. ఇవాళ మాత్రం పొద్దున్నే లేచి, ఒక్కటి కూడా పొరబడకుండా ఏరి పెట్టింది సరోజన.

"ఖాళీ చేసేదాకా నీ గదిలోనే కరెంటు కుక్కర్ పెట్టుకుని వండుకో."

"ఖాళీ చేయడమేమిటాంటీ?"

సరోజన తడిగుడ్డ తీసుకుని స్టవ్ తుడవడం మొదలుపెట్టింది. ఇషిత గిన్నె పెట్టిన చోటు ఒక్కటే కాదు, స్టవ్ మొత్తం తుడిచింది.

ఇషితకు తెలుసు ఇదంతా దేనికో. నిన్న సాయంత్రం యూనివర్సిటీ హాల్లో విదేశీ విద్యార్థుల కార్యక్రమం జరిగింది. పిల్లల కూచిపూడి ఉందని ఈ కెనడా ఊరు గ్వెల్ఫ్‌లోని తెలుగు కుటుంబాలు చాలా వచ్చాయి. చివరి పాట లుజియాది.

లుజియాది బ్రెజిల్‌లో బహియా ప్రాంతం. వారాంతాల్లో ఇషిత, లుజియా కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర ప్యాకింగ్ చేస్తారు. స్నేహం అక్కడే కుదిరింది. ఒకరోజు భోజనాల వేళ లుజియా స్టీలు పళ్లెం అంచు మీద చాకు గీస్తూ తాళం వేసి పాడింది. వాళ్ల అమ్మమ్మ అలాగే పాడేదట. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన మనుషుల సంతతి ఆమె. ఊళ్లో మగవాళ్లు డోళ్లు వాయిస్తే, ఆడవాళ్లు వంటింటి పళ్లేలు వాయించేవాళ్లట. పాట మొదలుపెట్టే ముందు డోళ్ల తోలు బిగియడానికి మంట దగ్గర కాచేవాళ్లట.

"మా తాత కూడా కాచేవాడు," అనేసింది ఇషిత. ఆ మాట ఆమె అనుమతి లేకుండానే నోట్లోంచి వచ్చింది.

తాత వీరభద్రం డప్పు కొట్టేవాడు. ఊళ్లో ఎవరు పోయినా పాడె ముందు నడిచేది ఆయనే. నాన్న చదువుకుని, టీచరై, ఒంగోలు చేరాక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే తాత వ్యవసాయం చేసేవాడని చెప్పమని నేర్పింది నాన్నే. కెనడాకు వచ్చాక ఇషిత ఆ పాఠం తప్పలేదు. లుజియా దగ్గర మాత్రం తప్పింది. ఖాళీ అట్టపెట్టె మీద వేళ్లతో తాత దరువు కొట్టి చూపించి, ఎందుకో తెలియకుండా ఏడ్చింది.

లుజియా అప్పటికి అమ్మమ్మ మీద ఒక పాట కడుతోంది. అమ్మమ్మ పెద్ద కూతురు తన జాతి తెలియకుండా ఉంగరాల జుట్టు సాఫీ చేయించుకుని, ఖరీదైన బడిలో టీచరుగా చేరింది. ఒకరోజు అమ్మమ్మ అన్నం డబ్బా పట్టుకుని ఆ బడి గేటు దగ్గరికి వెళ్లింది. ఎవరీమె అని తోటి టీచర్లు అడిగితే, "మా పనిమనిషి" అని చెప్పింది కూతురు. అమ్మమ్మ పనిమనిషిలాగే తల వంచి, డబ్బా అందించి వెనక్కి వెళ్లిపోయింది. పాట అంతే.

"ఆమె వెనక్కి నడిచిన నడక నాకు దొరకడం లేదు. మా డోళ్లు ఆడతాయి, ఇలా నడవవు. మీ తాత దరువు నడుస్తుంది. ఇస్తావా?" అని అడిగింది లుజియా. ఇషిత ఇచ్చింది.

నిన్న పాట అయిపోయాక లుజియా మైకు దగ్గర నిలబడి, ఆయాసపడుతూ, ఇంగ్లీషులో చెప్పింది. "ఈ దరువు వీరభద్రం అనే ఆయనది. నా స్నేహితురాలు ఇషిత వాళ్ల తాత. ఊళ్లో ప్రతి చావుకూ ముందు నడిచిన మనిషిని ఆ ఊరు బయటే ఉంచింది. మా వాళ్లనూ అంతే. ఇషితా, ఎక్కడున్నావు? లేచి నిలబడు!"

ఇషిత లేచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. పక్క కుర్చీలో కూర్చున్న రేవంత్ ఆమె కుర్చీ మీద వేసిన చెయ్యి మెల్లగా తీసేసుకున్నాడు. రేవంత్ సరోజన తమ్ముడు. దూరంగా కనాటా అనే ఊళ్లో ఇంజనీరు, తరచూ అక్క ఇంటికి వస్తుంటాడు. ఇషితను పెళ్లి చేసుకుంటానని అక్కతో చెప్పి ఇంకా వారం కాలేదు.

*

"కూర్చోమ్మా," అన్నాడు సరోజన భర్త జనార్ధనరావు.

ఇషిత సోఫా వైపు కదిలింది.

"అక్కడ కాదు. ఆ స్టూలు మీద కూర్చో, గాలి వస్తుంది."

నవంబరు చివర గాలి ఎవరికి కావాలి? ఇషిత స్టూలు మీద కూర్చుంది. జనార్ధనరావు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. కెనడాకు వచ్చిన కొత్తలో ఇషితను బ్యాంకుకు, డాక్టరు దగ్గరికి కారులో తిప్పింది ఆయనే.

"చూడమ్మా, మాకు ఈ పట్టింపులేం లేవు. మా ప్లాంటులో అన్ని రకాల వాళ్లతో కూర్చుని తింటాను. కానీ నువ్వు చెప్పి ఉండాల్సింది."

"ఏం చెప్పాలంకుల్?"

"అదే."

"మీరు అడగలేదు."

"నీ ఇంటిపేరు మా వాళ్లలోనూ ఉంది. మా వాళ్లేననుకున్నాం. నువ్వు అనుకోనిచ్చావు."

వంటింట్లోంచి సరోజన వచ్చింది. తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. "అనుకోనివ్వడం కాదండీ, ఆడించింది. మొన్న కార్తీక సోమవారం నా పక్కన కూర్చుని దీపాలు పెట్టింది. దేవుడి గదిలోకి వచ్చింది. ప్రసాదం వండింది! మా అమ్మకు తెలిస్తే ఈ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టుకుంటుందా?"

"మీరే రమ్మన్నారాంటీ. పులిహోర నన్నే కలపమన్నారు. బాగుందని రెండోసారి వేసుకున్నారు."

"వేసుకున్నాను. అదే నా కడుపు మంట." సరోజన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "రంగు చూసినప్పుడే అనుకోవాల్సింది. చదువుకునే పిల్ల కదా, ఎండకు కమిలిందేమోలే అని సరిపెట్టుకున్నాను. ఆ నల్లపిల్లతో అంత దోస్తీ ఏమిటా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది."

"సరోజా," అన్నాడు జనార్ధనరావు. ఆపమన్నట్టు లేదు, మాట చూసుకోమన్నట్టు ఉంది.

"నన్నంటారేం? వీడి సంగతి అడగండి." ఆమె మెట్ల వైపు తిరిగింది.

రేవంత్ ఎప్పుడొచ్చాడో, కింది మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇషిత తలెత్తి చూసింది. పొద్దుటి నుంచి ఆమె ఎదురుచూస్తున్నది ఈ మనిషి కోసమే. అతనికి అంతా తెలుసు. సెప్టెంబరులో కారులో వస్తూ, తాత ఎవరో, తామెవరో దాచకుండా చెప్పింది. అతను కారు పక్కన ఆపి, ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు అదో లెక్క కాదు. అక్కకు నేను చెప్తా, నువ్వు మాత్రం తొందరపడకు," అన్నాడు.

"చెప్పరా. ఈ అమ్మాయి ఎవరో నీకు ముందే తెలుసా?"

రేవంత్ మెడ వెనక రుద్దుకున్నాడు. ఇషిత వైపు చూడలేదు. గోడకు ఉన్న గడియారం వైపు చూశాడు.

"లేదక్కా. నాకూ నిన్నే తెలిసింది."

కిందనుంచి హీటర్ గాలి కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"విన్నావా?" అంది సరోజన. "బంగారం లాంటి పిల్లాణ్ణి మోసం చేశావు."

అబద్ధం చెబుతున్నాడని ఒక్క మాట అంటే చాలు. ఇషిత పెదవులు కదిలాయి కూడా. కానీ అంటే, అతను మళ్లీ లేదంటాడు. ఆ "లేదు" రెండోసారి వినే ఓపిక ఆమెకు లేకపోయింది.

*

ఆ ఏడు గ్వెల్ఫ్‌లో కాలేజీ సీటు దొరికినంత తేలిగ్గా గది దొరకడం లేదు. విమానాల నిండా పిల్లలు దిగుతున్నారు. ఈ ఇంటికి రాకముందు ఇషిత కిటికీ లేని ఒక బేస్‌మెంట్‌లో, తాడు మీద దుప్పట్లు అడ్డం కట్టుకుని, పరుపుకు పరుపు ఆనించుకుని పడుకునే అమ్మాయిల మధ్య ఉండేది. ఆమె ఊరివాడే కోదండరామ్, సార్నియా అనే ఊళ్లో చదువుతూ, కొన్నాళ్లు పాత కారులోనే పడుకున్నాడు. బయట అప్పుడే మంచు మొదలైంది. వచ్చే వారం పరీక్షలు.

ఇషిత కింద తన గదిలో పుస్తకాలు సంచిలో పెడుతుంటే రేవంత్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎందుకలా అన్నావు?" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

"ఇంకేమనమంటావు? అక్క ఎలా ఉందో చూశావుగా."

"తెలుసు అనాల్సింది."

"అంటే ఇద్దర్నీ బయటికి గెంటేది."

"నీకు కనాటాలో ఇల్లుంది రేవంత్. గెంటేది నన్నొక్కదాన్నే."

అతను లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "బావగారు ఒక దారి చెప్పారు. నిన్నటి వీడియో తెలుగు గ్రూపులన్నింటిలో తిరుగుతోంది. ఆ అమ్మాయి పొరబడిందని నువ్వొక చిన్న వీడియోలో చెప్పు. వీరభద్రం మా తాత కాదు, మా ఊళ్లో డప్పు కొట్టే మనిషి, చిన్నప్పుడు విన్నది సరదాగా నేర్పానంతే అని. అంతే. అక్క చల్లబడుతుంది. మిగతాది నేను చూసుకుంటా."

"మిగతాదంటే?"

"పెళ్లయ్యాక ఎవరడుగుతారు ఇషితా?"

పెళ్లి అనే మాట ఆమెతో నేరుగా అనడం అతనికి అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట ఇలా, చేతిలో చాక్లెట్ పెట్టినట్టు వచ్చింది.

"మా నాన్న? పెళ్లికి రావద్దా?"

"ఎందుకు రారు? వస్తారు. ఎక్కువ మాట్లాడకుండా ఉంటే చాలు."

ఇషితకు కోపం వచ్చింది. కానీ ఆ కోపం వెనకాలే పరుపుల గది వచ్చింది, పరీక్షలు వచ్చాయి, బయట కురుస్తున్న మంచు వచ్చింది, అతను ఇప్పుడే అన్న ఆ మాట వచ్చింది. తాత చనిపోయి చాలా ఏళ్లయింది. చనిపోయిన మనిషికి ఒక మాటతో పోయేదేముంది? తనకు తాను అలా చెప్పుకుని, ఆమె మెట్లెక్కింది.

*

"కర్టెన్ ముందు నిలబడమ్మా. వెలుతురు బాగా పడుతుంది," అన్నాడు జనార్ధనరావు, ఫోను నిలువుగా పట్టుకుని.

ఇషిత నిలబడి చెప్పింది. ఆయన దాన్ని ఒకసారి వేసి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"గొంతు వినబడటం లేదు. ఇంకోసారి. 'మా తాత కాదు' అనేచోట నేల చూపులు చూడకు. ఇటు చూడు. జనం నమ్మాలి కదా."

అప్పుడే బెల్ మోగింది. సరోజన తలుపు తీసింది. బయట లుజియా, ఉన్నిటోపీ మీద మంచు, చేతిలో రేకు చుట్టిన మొక్కజొన్న కేకు. లోపల ఎవరున్నారో చూసుకోకుండానే అరిచింది.

"ఇషితా! టొరంటోలో రికార్డు చేస్తామన్నారు! పాట మొత్తం! ఆల్బమ్ మీద మీ తాత పేరు వేయిస్తున్నా. స్పెల్లింగ్ నువ్వే రాసివ్వాలి."

సరోజన ఆమెను ఇంగ్లీషులో నవ్వుతూ లోపలికి పిలిచింది. కేకు అందుకుని బల్ల చివర పెట్టింది. జనార్ధనరావు కూడా నవ్వాడు. "మంచి సమయానికే వచ్చారు. ఇషిత ఒక విషయం సరిదిద్దుతోంది. ఒక్క నిమిషం." మళ్లీ ఫోను ఎత్తాడు. "చెప్పమ్మా."

ఇషిత చెప్పింది. ఈసారి కెమెరా వైపే చూసింది. "నిన్న నా స్నేహితురాలు పొరపాటున చెప్పింది. వీరభద్రం మా తాత కాదు. మా ఊళ్లో డప్పు కొట్టే మనిషి. ఆయన నాకేమీ కాడు."

లుజియాకు తెలుగు రాదు. కానీ వీరభద్రం అనే పేరు ఆమెకు బాగా తెలుసు. నెలల తరబడి నాలుక తిప్పుకుని నేర్చుకున్న పేరు అది. ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. "ఏమంది?" అని అడిగింది.

జనార్ధనరావు చాలా మర్యాదగా, ఒక్కొక్క వాక్యం విడదీసి, ఇంగ్లీషులో చెప్పాడు. చివరి వాక్యం కూడా వదల్లేదు.

లుజియా టోపీ తీసింది. "నిజమేనా?" అంది ఇషితతో.

"నిజమే."

"నేను తప్పు విన్నానా?"

"అవును."

"మరి ఆ రోజు ఎందుకేడ్చావు?"

"ఏమో. గుర్తులేదు."

లుజియా చాలాసేపు ఆమెనే చూసింది. ఆ చూపు ఎక్కడిదో ఇషితకు తెలుసు. బడి గేటు దగ్గర అమ్మమ్మ ఎలా చూసిందో లుజియా ఒకసారి చేసి చూపించింది. అప్పుడు ఇద్దరూ కలిసి ఆ కూతుర్ని తిట్టుకున్నారు.

"సరే," అంది లుజియా. "అయితే ఆల్బమ్ మీద ఎవరి పేరు వేయను?"

"ఎవరి పేరూ వద్దు."

"పేరు చెప్పకుండా తీసుకుంటే దొంగతనం. మా వాళ్ల పాటలన్నీ అలాగే పోయాయి. నేను ఆ పని చెయ్యను."

"అయితే ఆ దరువు తీసెయ్."

"తీసేస్తే మా అమ్మమ్మ ఆ గేటు దగ్గరే నిలబడిపోతుంది, ఇషితా. ఇంటికి రాలేదు."

రేవంత్ కిటికీ దగ్గరికి వెళ్లి మంచు ఎంత పడిందో చూస్తున్నాడు. లుజియా టోపీ పెట్టుకుంది. సరోజన తలుపు తెరిచి పట్టుకుని, జాగ్రత్తగా వెళ్లమని, మెట్లు జారుతున్నాయని చెప్పింది. నిజంగానే చెప్పింది, ప్రేమగా. తలుపు వేసి వచ్చి, కేకును రేకుతో సహా చెత్తబుట్టలో వేసింది.

*

"గ్రూపులన్నింటిలో పెట్టేశాను," అన్నాడు జనార్ధనరావు, ఫోను జేబులో వేసుకుంటూ. "ఇక ఎవరూ అడగరు."

ఇల్లు తేలికపడింది. రేవంత్ సోఫాలో కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. ఇషిత వైపు చూసి, ఇప్పుడు చూశావా అన్నట్టు కళ్లతోనే నవ్వాడు. సరోజన టీ పెట్టి, అందరికీ కప్పులు తెచ్చింది. ఇషిత ముందు కూడా ఒకటి పెట్టింది. తను ఎదురుగా కూర్చుని, ఒక గుక్క తాగి, మామూలుగా అడిగింది.

"ఆయన మీ తాత కాదన్నావు. సంతోషం. మరి మీరేమిట్లు?"

ఇషిత చేతిలో కప్పు ఆగిపోయింది.

"అడగలేదన్నావుగా పొద్దున. ఇప్పుడు అడుగుతున్నాను. మీ నాన్న ఫోన్ నంబరు ఇవ్వు. మీ ఊరికి దగ్గర్లోనే మా మేనమామ కేశవరావు గారున్నారు. ఆయన వెళ్లి ఒకసారి పలకరించి వస్తారు. తమ్ముడి పెళ్లి మాట కదా, ఊరికే ఎలా?"

ఇషిత రేవంత్ వైపు చూసింది. అతను నవ్వడం మానేశాడు. ఫోను తీసి, అందులో ఏదో ముఖ్యమైనది వచ్చినట్టు వేలితో పైకి తోస్తూ కూర్చున్నాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెర మీద "నాన్న" అని ఉంది. ఆయన పడుకునే వేళ అది. ఈ సమయంలో ఎప్పుడూ చేయడు. సరోజన చూస్తూనే ఉంది. ఇషిత లేచి, వంటింట్లోకి వెళ్లి, అట్టపెట్టె పక్కన నిలబడి ఎత్తింది.

"నాన్నా?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత నాన్న గొంతు, పట్టు తప్పి, ఎప్పుడూ వినని గొంతు.

"కోదండరామ్ పంపాడమ్మా వీడియో. ఆ పిల్ల... ఆ పిల్ల మా నాయన పేరు పెట్టి పిలిచింది కదే. అంతమంది ముందర. 'మనిషి' అంది. మా ఊళ్లో ఆయన్ని ఎవరూ అట్లా అనలేదు."

"నాన్నా, ఒక్కమాట..."

"నేనే తప్పు చేశాను తల్లీ. నీ చేత అబద్ధం చెప్పించాను ఇన్నేళ్లు. నువ్వు లేచి నిలబడ్డావు చూడు, అది చూసి నేను తట్టుకోలేకపోయాను. బస్సెక్కి ఊరికొచ్చి నాయనమ్మకు చూపించా. జానకమ్మా, జానకమ్మా అని ఆమెను పిలుస్తూ మన వాడంతా వచ్చి మన ఇంట్లో కూర్చుంది. మళ్లీ మళ్లీ వేయమంటున్నారు. దరువు ఒక్కటి కూడా తప్పలేదంట, నాయనమ్మే చెప్పింది."

వెనకాల ఎవరెవరివో గొంతులు, నవ్వులు. ఒక ముసలి గొంతు, "నా మనవరాల్ని మాట్లాడనీండి," అంటోంది.

"నాన్నా, నా మాట విను. ఇంకేం చూడొద్దు. ఫోను పక్కన పెట్టు."

"ఉండమ్మా, కోదండరామ్ ఇంకోటి కూడా పంపినట్టున్నాడు. నీ మొహమే కనపడతాంది. కర్టెన్ ముందు నిలబడి ఉన్నావు." నాన్న గొంతులో సంతోషం పొంగింది. "మీ తాత గురించి నువ్వే మాట్లాడావా? అందరూ ఇటు రాండయ్యా, పిల్ల మాట్లాడతాంది! చూసి చేస్తానమ్మా, ఉండు."

"నాన్నా, వద్దు! నాన్నా..."

ఫోను కట్ అయింది. ఇషిత వెంటనే తిరిగి చేసింది. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"ఎవరమ్మా, నాన్నగారేనా?" అని ముందుగదిలోంచి పిలిచింది సరోజన. "ఆ ఫోను ఇలా తీసుకురా. నేను మాట్లాడతాను."